అతుకుపని చేసినావిడ

గోడ మీద ఆమె పేరు లేదు. ఉందని నేను వేలు పెట్టి చూపించాను. నా వేలి కింద ఉన్నది వేరే మనిషి పేరు.

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో చెప్పలేదు, ఆఫీసులో చెప్పలేదు. చిన్నప్పటి నుంచి రోజూ డైరీ రాసే అలవాటు నాకు. అందులో కూడా రాయలేదు. ఆ రోజు పేజీ తీస్తే "చలి ఎక్కువ. మధ్యాహ్నం భోజనం ఆలస్యం. అందరూ క్షేమం" అని మాత్రమే ఉంటుంది. డైరీకి కూడా అబద్ధం చెప్పొచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

నాకిప్పుడు ముప్పై ఒకటి. ఉద్యోగ జ్ఞాపకాలు రాసుకునే వయసు కాదు. కానీ ఆ పని వదిలేసి రెండేళ్ళు దాటింది, మళ్ళీ దాని జోలికి వెళ్ళే ధైర్యం లేదు. ఆ విధంగా రిటైరయినట్టే. మొన్న మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి నా నంబరు సంపాదించి ఫోన్ చేసింది. "అక్కా, గ్రూపుని తీసుకెళ్ళేటప్పుడు ముఖ్యంగా ఏం చూసుకోవాలి?" అని అడిగింది. ఆధార్ జిరాక్సులు రెండు సెట్లు పెట్టుకోవాలని, బీపీ మాత్రలు ఎవరి సంచిలో ఉన్నాయో గుర్తుంచుకోవాలని, మెట్రో దిగిన ప్రతిసారీ తలలు లెక్కపెట్టుకోవాలని చెప్పాను. అసలు చెప్పాల్సింది చెప్పలేదు. ఆ అమ్మాయి కోసమూ, ఆమెలాగే ఈ పనిలోకి వచ్చే మిగతావాళ్ళ కోసమూ ఇది రాస్తున్నాను. ఇందులో ఎవరి పేరూ రాయడం లేదు.

రాజమండ్రిలో మా ఆఫీసు ఒకే గది. రెండు బల్లలు, ఒక ప్రింటరు, గోడకి దేశం మ్యాపు. కాశీ, షిర్డీ యాత్రల జనాన్ని పెద్ద ఆఫీసులు ఏసీ బస్సుల్లో ఎత్తుకుపోయాక మా సార్ కొత్త దారి వెతికారు. ఏడెనిమిది మందికి మించని చిన్న బృందాలు. ఒక్కో బృందానికి ఒక్కో ఇష్టం. కచేరీలు వినేవాళ్ళు కొందరు, మ్యూజియాలు చూసేవాళ్ళు కొందరు. అలాగే ఢిల్లీలో ఒక ఆర్ట్ ఫెయిర్‌కీ, అక్కడి గ్యాలరీలకీ మనుషుల్ని తీసుకెళ్ళడం మొదలైంది. మొదటిసారి రిటైరైన డ్రాయింగు మేస్టార్లు. రెండోసారి కాకినాడ డాక్టర్ల ఇళ్ళ ఆడవాళ్ళు. రెండుసార్లూ తోడు వెళ్ళింది నేనే.

నన్ను ఎందుకు పెట్టుకున్నారో నాకే ఆశ్చర్యం. కొత్తవాళ్ళ ముందు నా గొంతు లోపలికి పోతుంది. ఫోన్ మోగితే, అవతలివాళ్ళు విసుగొచ్చి పెట్టేసేదాకా దాని వంక చూస్తూ కూర్చునే రకం. "నువ్వేం మాట్లాడక్కర్లేదమ్మా" అనేవారు సార్. "ఇంగ్లీషు చదువుతావు, లిస్టులు శుభ్రంగా రాస్తావు. ఆరుగురిని తీసుకెళ్ళు, ఆరుగురిని తీసుకురా. అంతకు మించి ఘనకార్యం ఏముంది చెప్పు?"

ఆ లెక్కలో నేను ఒక్కసారీ తప్పలేదు.

ఇంకో సంగతి సార్‌కి తెలియదు. ఆ ఫెయిర్ అంటే నాకు ప్రాణం. ఊళ్ళో గ్రంథాలయంలో బొమ్మల గురించి ఉన్న నాలుగు పుస్తకాలూ అట్టలు ఊడేదాకా చదివాను. అవి చదువుతానని ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏదైనా అడుగుతారని భయం.

మూడోసారి బృందాన్ని మేము వెతకలేదు, అదే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. ఢిల్లీలో ఉండే ఒక ఆర్టిస్టు, నలభై ఏళ్ళావిడ, నరసాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్ళతో ఒక పెద్ద తెర చేయించాలనుకున్నారు. ఊళ్ళో తిరగడానికి తోడు కావాలని మా ఆఫీసుని అడిగారు. ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చెప్పడానికి సార్ నన్ను పంపారు.

అక్కడి పని పద్ధతి ఒక్క ముక్క చెప్పాలి. ఒక లేసుని ఒక మనిషే మొదటి నుంచి చివరిదాకా చెయ్యదు. దారం ఏజెంటు దగ్గర్నుంచి ఇంటింటికీ వెళ్తుంది. ఆ ఇళ్ళలో పువ్వులు మాత్రమే కుడతారు. దాన్ని చేతిపని అంటారు. ఆ పువ్వులన్నీ మూటగట్టి ఇంకో ఇంటికి పంపుతారు. అక్కడ ఒకామె కూర్చుని వాటిని ఒకదానితో ఒకటి కలుపుతుంది. అది అతుకుపని. పువ్వులు కుట్టేవాళ్ళు ఊరినిండా ఉంటారు. అతుకుపని బాగా వచ్చినవాళ్ళు ఊరికి ఒకరో ఇద్దరో. సరుకు ఊరు దాటేటప్పుడు ఇదెవరు చేశారని అడిగితే ఎవరూ చెప్పలేరు. అడిగేవాళ్ళూ లేరు.

మామ్మని అక్కడే చూశాను. ఊళ్ళో అందరూ ఆమెని మామ్మ అనే పిలుస్తారు. డెబ్బై దాటాయి, ఒక కంటికి ఆపరేషన్ అయింది. అరుగు మీద తెల్ల దుప్పటి పరిచి, దాని మీద పువ్వుల్ని సర్దుతూ, ఏది దేని పక్కన కూర్చుంటుందో చూసుకుంటోంది. అవి ఇరవై ఇళ్ళ నుంచి వచ్చిన పువ్వులు. ఒకరి చెయ్యి బిగువు, ఒకరి చెయ్యి వదులు.

"ఇది చూడమ్మా, మొగుడితో దెబ్బలాడి కుట్టింది, బిగిసిపోయింది" అని ఒక పువ్వు నా అరచేతిలో పెట్టింది. "ఇదేమో టీవీ చూస్తా కుట్టింది, జారిపోతంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ముడత రాకుండా కలపాలంటే... ఆయ్, అది మాత్రం నన్నడుగు."

ఆర్టిస్టుగారు గంటసేపు ఆమె పక్కన నేల మీదే కూర్చున్నారు. లేచే ముందు, తెర పక్కన గోడ మీద చేసినవాళ్ళందరి పేర్లూ రాయిస్తానని చెప్పారు. ఆ మాట తెలుగులో చెప్పాను. మామ్మ సూది ఆపింది.

"గోడ మీదేనా? అందరూ చూసేచోట?"

"అవునంటండి."

"యాభై ఏళ్ళబట్టి కుడతన్నాను. నా చేతి సరుకు ఏయే దేశాలెళ్ళిందో నాకే తెలీదు. నా పేరు రేషన్ కార్డు మీదుంది, చర్చి రిజిస్టర్లో ఉంది. ఇంకెక్కడా లేదు." నా వైపు తిరిగింది. "చచ్చేలోపు ఒక్కసారి చూపిస్తావా అమ్మా?"

అడిగింది ఆర్టిస్టుని కాదు, నన్ను. "చూపిస్తానండి" అన్నాను.

తెర పూర్తయి ఢిల్లీ చేరాక, దాన్ని ఫెయిర్‌లో పెడుతున్న గ్యాలరీ నుంచి మెయిల్ వచ్చింది. చేసినవాళ్ళ పేర్లన్నీ వారంలోగా పంపమని. నేను ఊళ్ళో ఏజెంటుకి మెసేజ్ పెట్టాను. ఏజెంటు కూడా ఆడమనిషే. గట్టి గొంతు, ఆ ఊళ్ళో దారమంతా ఆవిడ చేతి మీదుగానే నడుస్తుంది. సాయంత్రానికి లిస్టు పంపింది. పదకొండు పేర్లు. మొదటిది ఆవిడది. రెండోది ఆవిడ తోడికోడలిది. మూడోది కూతురిది. ఆ ముగ్గురూ ఆ తెర కోసం సూది పట్టగా నేను చూడలేదు. మిగతావి ఆవిడకి కావలసిన ఇళ్ళలో పువ్వులు కుట్టినవాళ్ళవి. మామ్మ పేరు లేదు.

డైరీలో వరసగా మూడు రోజులు ఒకే వాక్యం ఉంది. "ఏజెంటుగారికి ఫోన్ చెయ్యాలి, మామ్మ పేరు గురించి." మొదటి రోజు నంబరు తీసి, మళ్ళీ ఫోన్ బోర్లా పెట్టేశాను. రెండో రోజు ఆవిడే వేరే పని మీద ఫోన్ చేసింది. అంతా మాట్లాడి, ఆఖర్న "ఇంకేవన్నా ఉందాండి?" అంది. "లేదండి" అన్నాను. మూడో రోజు, లిస్టు రాసింది ఆవిడ, మధ్యలో నేనెవరిని అని నాకు నేను చెప్పుకున్నాను. నాలుగో రోజు ఉన్నది ఉన్నట్టు పంపేశాను.

ఒక పేరు టైపు చెయ్యడానికి అర నిమిషం చాలు. ఆ గదిలో నన్ను ఆపేవాళ్ళు కూడా ఎవరూ లేరు. ఇంతకంటే చిన్న పని నా ఉద్యోగంలో ఇంకోటి లేదు.

గ్యాలరీవాళ్ళు ఊరి నుంచి అయిదుగురిని పిలిచారు. ఏజెంటు, పువ్వులు కుట్టేవాళ్ళు ముగ్గురు, మామ్మ. మామ్మ రావాల్సిందేనని ఆర్టిస్టుగారే పట్టుబట్టారు. నాతో కలిపి ఆరుగురం. ఏజెంటు తోడికోడలు, కొడుక్కి పరీక్షలని ఊళ్ళోనే ఉండిపోయింది.

మామ్మ తెల్ల చీర మీద ఎవరిదో మగవాళ్ళ స్వెట్టర్ వేసుకొచ్చింది. చేతులు మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి.

"మామ్మా, ఎలక్షన్ డ్యూటీకొచ్చిన పోలీసులా ఉన్నావే" అంది ముగ్గురిలో చిన్నది.

"ఉంటాను. ముందు నిన్నే లోపలేస్తాను" అంది మామ్మ.

రైల్లో ఆమెది నా ఎదుటి బెర్తు. పులిహోర పొట్లం విప్పి నాకు సగం పెట్టి, "గోడ మీద ఎంత ఎత్తులో ఉంటదమ్మా? నాకు అందుద్దా?" అని అడిగింది.

"ఏమోనండి."

"అందకపోతే నువ్వు కుర్చీ ఎక్కి చూపించు. చూస్తే చాల్లే."

అప్పుడు చెప్పి ఉండొచ్చు. ఒకటిన్నర రోజు ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఆమె నిద్రపోతున్నప్పుడు రెండుసార్లు ఆ వాక్యం పెదాలతో పలికి చూసుకున్నాను కూడా. లేచాక టీ కావాలా అని అడిగాను.

మొదటి రోజు గ్యాలరీలు. తెల్లటి గదులు, ఒక్కో గదికి ఒకటో రెండో వస్తువులు. ఒక గది నిండా ఇటుకలు చిందరవందరగా పోసి ఉన్నాయి. "మేస్త్రీ అడ్వాన్సు తీసుకుని పారిపోయాడేమోనండి" అంది ముగ్గురిలో పెద్దది. ఇంకో చీకటి గదిలో గోడంత తెర మీద ఒక మనిషి నిద్రపోతున్నాడు. అంతే, ఇంకేం లేదు. ఎనిమిది గంటలు అలాగే పడుకుంటాడని అక్కడ రాసింది చదివి చెప్పాను.

"దీనికోసం ఢిల్లీ రావాలా అండీ? మా ఆయన్ని చూస్తే సరిపోద్ది" అంది చిన్నది.

"మీ ఆయన గురక కూడా పెడతాడు గదే, ఇంకా ఎక్కువ గౌరవం ఇస్తారు" అంది మామ్మ.

కాపలా మనిషికి మాట అర్థం కాకపోయినా వాళ్ళతోపాటు నవ్వేశాడు. నేనూ నవ్వాను. ఆ రోజు పేజీ డైరీలో నాలుగు వైపులా నిండిపోయి ఉంటుంది. నా జీవితంలో మంచి రోజుల్లో అదొకటి. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది.

మర్నాడు ఫెయిర్. పెద్ద పెద్ద గుడారాలు, లోపల వీధుల్లా వరసలు, మంచి బట్టలు వేసుకున్న మనుషులు. ఆర్టిస్టుగారి తెర ఒక హాలు మధ్యలో పైనుంచి వేలాడుతోంది. మనిషికి రెండింతల ఎత్తు. దీపాల వెలుగు దాని గుండా పడి నేలంతా పువ్వుల నీడలు. అయిదుగురూ ఆ నీడ తొక్కకుండా అంచునే ఆగిపోయారు.

"తిరగేసి కట్టారు" అంది మామ్మ.

నిజమే. లేసు వెనక వైపు ముందుకుంది. అతుకుల దగ్గర ముళ్ళు, దారం మలుపులు, అన్నీ కళ్ళకి కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి. ఏజెంటు మొహం మాడిపోయింది. "అయ్య బాబోయ్, ఇంతమందిలో తిరగేసి కట్టడవేంటండీ? మీరు చెప్పండి వాళ్ళకి."

మామ్మ స్వెట్టర్ చేతుల్లోకి తన చేతులు లాగేసుకుంది. "ముళ్ళు కనపడతన్నాయమ్మా. చూసినోళ్ళు ఏవనుకుంటారు? చేతకానిదాని పని అనుకోరూ?"

ఆ ఊళ్ళో సరుకు అప్పగించేటప్పుడు ఏజెంట్లు ముందు వెనక వైపే తిప్పి చూస్తారు. ముడి కనిపిస్తే మొహాన కొట్టినట్టు తిరిగిచ్చేస్తారు. యాభై ఏళ్ళుగా ఆ ముళ్ళు కనపడకుండా చెయ్యడమే మామ్మ పని. వాటిని అంత వెలుగులో పెట్టడం ఆమెకి పదిమందిలో పరువు తీసినట్టే.

ఇంతలో ఆర్టిస్టుగారు వచ్చి మామ్మ రెండు చేతులూ స్వెట్టర్‌లోంచి బయటికి తీసి పట్టుకున్నారు. చుట్టూ పదిహేను మంది దాకా చేరారు. ఆవిడ ఇంగ్లీషులో చెప్పింది నేను తెలుగులో చెప్పాను. పువ్వులు అందరికీ కనిపిస్తాయి. వాటిని కలిపి ఉంచేది మాత్రం ఎప్పుడూ వెనకే ఉండిపోతుంది. నేను చూపించాలనుకున్నది అదే, అందుకే కావాలని ఇలా కట్టాను. ఇందులో చూడాల్సిందంతా ఈమె చేసిందే.

చెబుతుంటే నా గొంతు వణకలేదు. తెలుగు రాకపోయినా పదిహేను మంది నా నోటి వంక చూస్తూ, నా మాట కోసం ఆగడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. చప్పట్లు కొట్టారు. ఆర్టిస్టుగారు నా భుజం మీద చెయ్యేసి ఎంత బాగా చెప్పావు అన్నారు.

"నాదంటందా?" అని మామ్మ నన్నే అడిగింది.

"మీదేనంటండి."

మిగతావాళ్ళని ఫొటోలకని పక్క హాలుకి తీసుకెళ్ళారు. ఏజెంటు అందరికంటే ముందు నడిచింది. మామ్మ కదల్లేదు. గోడ వైపు చూసి, "ఇప్పుడు నా పేరు చూపించమ్మా" అంది.

గోడ మీద ఇంగ్లీషులో, హిందీలో రాసి ఉంది. తెలుగులో లేదు. కింద పదకొండు పేర్లు, ఒకదాని కింద ఒకటి. చేతికి అందేంత ఎత్తులోనే ఉన్నాయి.

లేదండి, నా వల్లే లేదు. నాలుగే మాటలు. అవి నోటి దాకా వచ్చాయి. కానీ అప్పుడే కదా చప్పట్లు కొట్టారు, అప్పుడే కదా ఎంత బాగా చెప్పావు అన్నారు. ఆ వేడి ఇంకా నా చెంపల మీద ఉంది. వేలు దానంతట అదే లేచింది అని రాస్తే మీరు నమ్ముతారేమో గానీ, అది నిజం కాదు. ఆ క్షణంలో కూడా నేను లెక్క వేసుకున్నాను. మొదటిది ఏజెంటు పేరు, అది చూపిస్తే ఇవాళే దొరికిపోతాను. ఇక్కడికి రాని మనిషి పేరైతే ఎవరూ గమనించరు. రెండో పేరు మీద, ఆ తోడికోడలి పేరు మీద, వేలు పెట్టాను.

"ఇదేనండి."

మామ్మ కుడిచెయ్యి చీరకి తుడుచుకుని ఆ అక్షరాల్ని మెల్లగా నిమిరింది. "రాసింది కాదే, అతికించారు" అంది. గోరుతో ఒక అక్షరం అంచు తడిమింది. "బాగా అతికారమ్మా. మూల ఎక్కడా లేవలేదు."

ఆ పేరు మీద వేలు పెట్టించి నా ఫోన్లో రెండు ఫొటోలు తీశాను. తనే అడిగింది.

మూడో రోజు మధ్యాహ్నం మా రైలు. ఆ పొద్దున నేనొక్కదాన్నీ ఫెయిర్ తలుపులు తీసే వేళకి వెళ్ళాను. చిన్న కాగితం మీద మామ్మ పేరు ఇంగ్లీషులో పెద్దక్షరాలతో రాసి పట్టుకున్నాను. ఆ అక్షరాలు స్టిక్కర్లని, గంటలో కొత్తవి తెచ్చి అతికిస్తారని ముందు రోజే ఇంకో స్టాలు దగ్గర చూశాను. అడిగితే చాలు, అన్నీ సరిపోతాయి. మామ్మని మళ్ళీ తీసుకొచ్చి, నిన్న పొరపాటున పక్క పేరు చూపించానండి అంటే నవ్వి ఊరుకుంటుంది.

ఆర్టిస్టుగారు ఎవరో ఇద్దరు పెద్దమనుషులతో మాట్లాడుతున్నారు. వాళ్ళు వెళ్ళాక చెబుదామని స్తంభం పక్కన నిలబడ్డాను. వాళ్ళు వెళ్ళారు, ఇంకొకరు వచ్చారు. ఒకసారి ఆవిడ నన్ను చూసి నవ్వి చెయ్యి ఊపారు. నేనూ చెయ్యి ఊపాను. నా చేతిలో ఆ కాగితం ఉంది. రా అన్నట్టు తల కూడా ఆడించారేమో, ఇప్పుడు సరిగ్గా చెప్పలేను. నలభై నిమిషాలు నిలబడి, కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, లాడ్జికి తిరిగొచ్చేశాను. లాడ్జిలో ముగ్గురూ పెట్టెలు సర్దుకుంటున్నారు. ఎక్కడికెళ్ళారండీ అంటే మందుల షాపుకి అన్నాను.

ఆరుగురం వెళ్ళాం, ఆరుగురం తిరిగొచ్చాం. సార్ మెచ్చుకున్నారు.

రైలు దిగేటప్పుడు మామ్మ, "ఫొటో కడిగించి పంపమ్మా, పెద్దది" అంది. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. ఒకదాంట్లో అక్షరాలు మసగ్గా ఉన్నాయి, ఏ పేరో ఎవరికీ తెలియదు. కానీ అందులో మామ్మ కళ్ళు మూసుకుంది. రెండోదాంట్లో కళ్ళు తెరిచి, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతోంది. వేలి పక్కన ప్రతి అక్షరమూ చదవొచ్చు. కళ్ళు మూసుకున్న ఫొటో ఎలా పంపను అనుకున్నాను. ఆ మాత్రం మంచి చెయ్యాలనుకున్నాను. స్టూడియోలో పెద్దది వేయించి, లామినేషన్ చేయించి, పోస్టులో పంపాను.

మామ్మవాళ్ళ చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. దూరప్రయాణం చేసి క్షేమంగా తిరిగొచ్చినవాళ్ళు ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. దేవుడు తనకి ఏం మేలు చేశాడో అందరికీ చెప్పి కృతజ్ఞతలు చెల్లించుకోవాలి. ఇది నాకు తెలియదు. తెలుసుకోవాలని అనిపించలేదు కూడా. నా లిస్టులో ఆ గడి లేదు.

జరిగింది ఏజెంటే ఫోన్లో చెప్పింది. ఆ రోజు మాత్రం ఫోన్ మోగగానే ఎత్తాను.

"మీకు తెలుసాండీ, మా మామ్మ ఎంత పని చేసిందో. సాక్ష్యం చెప్తానని లేచింది. దేవుడు నా పేరు ఢిల్లీ గోడ మీద రాయించాడు అంది. ఫొటో కూడా తెచ్చిందండీ. బల్లబల్లకీ చేతులు మారి మా తోడికోడలి దగ్గరికొచ్చింది. అది చదువుకుంది గదండీ. 'ఇది నా పేరు మామ్మా' అని లేచి నిలబడింది. ఇంకేముంది, కొందరు నవ్వారు. మా తోడికోడలు కూడా ఊరుకోలేదు, నా పేరు నీదని దేవుడి ముందు చెప్తావా అంది."

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"పాస్టరుగారు నెమ్మదిగానే అడిగారండీ, అది నీ పేరని ఎవరు చెప్పారమ్మా అని. ఏవందో తెలుసా? ఎవరూ చెప్పలేదయ్యగారూ, నేనే అనుకున్నాను అంది. పెద్దదైపోయింది, మతి తప్పతంది. అయినా నేనిచ్చిన లిస్టులో ఆవిడ లేదు గదండీ. పువ్వులన్నీ వచ్చాక ఆఖర్న కలిపిందంతే గదా. మీకు తెలుసు గదా?"

"ఆయ్" అన్నాను.

"ఇప్పుడేమో అతుకుపని ఇంక పట్టనంటంది. మూటలు గుమ్మంలోంచే తిప్పి పంపేస్తంది. ఆవిడ లేకపోతే నాకెంత ఇబ్బందో చూడండి."

ఆ సాయంత్రం ఆర్టిస్టుగారికి మెయిల్ రాశాను. ఒక పేరు పంపడం నా వల్ల తప్పిపోయింది, ఇప్పుడు పెట్టగలరా అని. వేలు పెట్టి చూపించిన సంగతి రాయలేదు. మర్నాడు జవాబు వచ్చింది. ఫెయిర్ ముగిసిన రోజే గోడ విప్పేశారట, తెర విదేశానికి వెళ్ళిపోయిందట. ఆ రోజు నా ఎదురుగా నిలబడ్డావు కదా, ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది అని రాశారు. కోపంగా లేదు ఆ మెయిల్. కోపంగా ఉంటే బాగుండేది.

సిగ్గరి ఆడపిల్ల అంటే ఎవరికీ హాని చెయ్యదని అందరూ అనుకుంటారు. నేనూ అలాగే అనుకుంటూ పెరిగాను. మాట్లాడేవాళ్ళే తప్పులు చేస్తారని, నోరు మూసుకుని కూర్చుంటే మన వల్ల ఎవరికీ ఏమీ కాదని. ఈ పనిలోకి వచ్చే చెల్లెళ్ళకి ఒకటే చెప్పగలను. మీకు గొంతు రాకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి. అదీ చెయ్యలేకపోతే ఈ పని వదిలెయ్యండి. తలలు లెక్కపెట్టడం ఎవరైనా చేస్తారు.

తర్వాతి వారం నిడదవోలు మీదుగా రైల్లో వెళ్ళి, ఆటో పట్టుకుని ఆ ఊరు చేరాను. దారి పొడవునా ఒకే వాక్యం వల్లె వేశాను. మామ్మ అరుగు మీదే కూర్చుని ఉంది. దుప్పటి లేదు, సూది లేదు, పువ్వులు లేవు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వీధిలోకి చూస్తోంది. ఆ చేతుల్ని అలా ఖాళీగా నేనెప్పుడూ చూడలేదు.

నన్ను చూసి లేచి లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చింది. మీ అమ్మ ఎలా ఉంది అంది. ఎండలు అప్పుడే ముదిరిపోయాయి అంది. సంబంధాలు చూస్తున్నారా అని అడిగింది. అన్నిటికీ జవాబు చెప్పాను. నేను చెప్పాల్సిన వాక్యం ఒక్కటే, అది గ్లాసు అడుగున మజ్జిగలా అక్కడే ఉండిపోయింది. గంట గడిచింది. ఎదురింట్లోంచి ఒకామె తొంగి చూసి, మామ్మ కనపడగానే తలుపు దగ్గరికి వేసుకుంది. మామ్మ అది చూసింది. నేను చూశానని కూడా చూసింది.

లేచి చెప్పులేసుకున్నాను. "వెళ్ళొస్తానండి" అన్నాను. మామ్మ అరుగు అంచు దాకా వచ్చి, చాలా మామూలుగా, అతుకు ఎక్కడ వదులయిందో చూపించేటప్పటి గొంతుతో అంది:

"లేదని అక్కడే చెప్పాల్సిందమ్మా. లేదంటే లేదనే అనుకునేదాన్ని. ఇన్నేళ్ళూ లేకుండానే ఉన్నాను గదా."